‘ఎందుకంటే’ తర్వాత ఏం చెప్పాలి? తరగతిలో ఆలోచన, సమస్య పరిష్కారం, ఒప్పించడం నేర్పే ఎనిమిది పీరియడ్లు

“అర్థమైందా?” అని అడిగితే “అర్థమైంది సార్” అని నలభై గొంతులు ఒక్కసారే పలుకుతాయి. ఎవరికి ఏం అర్థమైందో మాత్రం తేలదు. వక్తృత్వ పోటీ పెడితే ఇంట్లో ఎవరో రాసిచ్చిన కాగితాన్ని అప్పజెప్పడం వింటాం. అలాగని పిల్లలకు తర్కం రాదనుకోకండి. పెన్ను పోయినప్పుడు, క్రికెట్‌లో ఔటా కాదా అన్నప్పుడు వాళ్లు లాగే సాక్ష్యాలు వింటే ఆ సంగతి తెలుస్తుంది. ఆ నేర్పు పాఠం దాకా రావడం లేదంతే. దాన్ని తెచ్చే మాట ఒకటే: ‘ఎందుకంటే’. ఆ మాట తర్వాత ఏం రావాలో నేర్పడమే ఈ ఎనిమిది పీరియడ్ల పని.

ఇది 8వ తరగతిని, 40 మంది పిల్లల్ని, 45 నిమిషాల పీరియడ్‌ను దృష్టిలో పెట్టుకున్న పథకం. వారానికి రెండు పీరియడ్ల చొప్పున నాలుగు వారాలు పడుతుంది. లైబ్రరీ పీరియడ్ అయినా సరిపోతుంది. తెలుగు టీచరు చేయొచ్చు, సైన్సు టీచరు చేయొచ్చు, ఇద్దరూ పంచుకుంటే ఇంకా మేలు.

వరుస ముఖ్యం. చాలా బడుల్లో డిబేట్‌తో మొదలుపెడతారు. అది తలకిందుల పని. చేతిలో సరైన కారణం లేని పిల్లవాడికి ఒప్పించడం నేర్పితే గొంతు పెంచడమే నేర్చుకుంటాడు. ముందు చూడటం, తర్వాత కారణం చెప్పడం, ఆ తర్వాత ఒక నిజమైన సమస్యను కొలిచి పరిష్కరించడం, చివరగా ఆ పరిష్కారానికి ఎదుటివాళ్లను ఒప్పించడం: ఇదీ వరుస.

మొదలుపెట్టే ముందు

నలుగురికో జట్టు చొప్పున పది జట్లు చేయండి. ముందు బెంచీవాళ్లను వెనక్కి తిప్పి కూర్చోబెడితే చాలు, బల్లలు జరపక్కర్లేదు. జట్టులో బాగా మాట్లాడేవాళ్లు ఇద్దరుంటే మిగతా ఇద్దరూ నోరు మెదపరు. కాబట్టి మాటకారుల్ని పది జట్లకూ ముందే పంచేయండి. జట్టు తరఫున ఎవరు లేచి చెప్పాలో చెప్పే సమయంలోనే మీరు నిర్ణయించండి. ముందే చెబితే మిగతా ముగ్గురూ చేతులు కట్టుకుంటారు.

రెండో సిద్ధత మీది. ప్రశ్న వేసి ఆగాలి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతులు రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, కారణాలు చేరాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లూ నోరు విప్పారు. మూడు సెకన్లు కాగితం మీద చిన్నవే, బోర్డు ముందు నిలబడ్డవాళ్లకు మాత్రం యుగం. మనసులో ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని నిదానంగా లెక్కపెట్టుకోండి. జవాబు వచ్చాక కూడా వెంటనే “గుడ్” అనకండి. ఆ మాట పడగానే మిగతా 39 మంది ఆలోచన ఆపేస్తారు.

1వ పీరియడ్: చూసింది వేరు, అనుకున్నది వేరు

కావలసినవి: ముదురు ఎర్ర మందార పూలు నాలుగైదు, స్టీలు చాకు, రసం బాగా ఉన్న నిమ్మకాయలు రెండు, తెల్ల పళ్లెం.

పిల్లలు రాకముందే చాకు రెండువైపులా మందార రేకలను గట్టిగా రుద్దండి. ముదురు మరక పట్టాలి. ఆరాక మళ్లీ రుద్దండి. ఇలా రెండు మూడు పూతలు వేసి, పది నిమిషాలు ఆరనివ్వండి. తరగతిలో ఏమీ చెప్పకుండా పళ్లెం మీద నిమ్మకాయను నిదానంగా కోయండి. రసం ఎర్రగా కారుతుంది. చాకు మీ చేతిలోనే ఉండాలి.

ముందురోజు ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి. రంగు రాలేదంటే సాధారణంగా పూత పలచనైనట్టే. పసుపు, తెలుపు మందారాలు ఈ పనికి రావు. చాకు మీద సబ్బు మిగిలినా చెడుతుంది. మందార రసం ఆమ్లం తగిలితే ఎర్రబడుతుంది, సబ్బులాంటి క్షారం తగిలితే ఆకుపచ్చగా మారుతుంది.

కోశాక వెంటనే నోటు పుస్తకంలో రెండు గళ్లు గీయించండి: ‘చూసింది’, ‘అనుకున్నది’. మూడు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా రాయాలి. చాలామంది ‘నిమ్మకాయలోంచి రక్తం వచ్చింది’ అని మొదటి గడిలోనే రాస్తారు. ఇక్కడే అసలు పాఠం ఉంది, తొందరపడకండి. ఒక్కో మాటా పట్టుకుని అడగండి. “రక్తాన్ని చూశావా, ఎర్రరంగును చూశావా?” “నిమ్మకాయలోంచి రావడం కనిపించిందా, కోసిన చోట కనిపించిందా?” చివరికి ‘చూసింది’ గడిలో మిగిలేది ఇంతే: చాకు దిగినచోట ఎర్రని ద్రవం కనిపించింది.

ఇప్పుడు ‘అనుకున్నది’ గడిలో ఉన్నవన్నీ బోర్డు మీద రాసి, ఒక్కోదాన్ని ఎలా తేల్చుకుంటారో జట్లను అడగండి. ఎవరో ఒకరు “ఇంకో చాకుతో కోసి చూద్దాం సార్” అంటారు. రెండో నిమ్మకాయ అందుకే. శుభ్రమైన చాకుతో కోయండి. మారింది ఒక్క చాకే కాబట్టి గుట్టు చాకులోనే ఉందని పిల్లలే చెబుతారు. మందార సంగతి చివరి ఐదు నిమిషాల్లో బయటపెట్టండి. ముందే చెబితే అది మేజిక్ షో అవుతుంది, పాఠం కాదు.

ఒక జాగ్రత్త. ఈ గారడీతో డబ్బు గుంజేవాళ్ల గురించి మాట్లాడొచ్చు గానీ, ఫలానా గుడి, ఫలానా బాబా అంటూ వెళ్లకండి. పిల్లవాడు ఇంటికి తీసుకెళ్లాల్సింది పద్ధతి. గొడవ ఇంటికి వెళితే పద్ధతి దారిలోనే జారిపోతుంది.

2వ పీరియడ్: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ

వాదన నిర్మాణం చెప్పడానికి పరాయి పటాలు తెచ్చుకోనక్కర్లేదు. మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో వాదనకు ఐదు అవయవాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. బడికి మొదటి మూడూ చాలు. వందల ఏళ్లుగా చెబుతున్న ఉదాహరణే బోర్డు మీద రాయండి.

కొండ మీద నిప్పుంది. (ప్రతిజ్ఞ: నేను చెప్పదలచుకున్న మాట)
ఎందుకంటే, అక్కడ పొగ ఉంది. (హేతువు)
ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పుంటుంది, కట్టెల పొయ్యి దగ్గరలాగా. (నియమం, ఉదాహరణ)

మూడో వాక్యాన్ని పిల్లలు ఎప్పుడూ వదిలేస్తారు. పెద్దవాళ్లమూ అంతే. దాన్ని పైకి చెప్పించడమే ఈ పీరియడ్ పని. మూడో వాక్యం బయటపడ్డాక కానీ వాదనను పరీక్షించలేం.

పరీక్ష రెండు ప్రశ్నలు. మొదటిది: హేతువు నిజమేనా? లంబసింగిలో చలికాలం తెల్లారుజామున కొండ మీద కనిపించే తెల్లని తెర పొగ కాదు, మంచు. రెండోది: నియమం నిలుస్తుందా? దాన్ని తిరగేయించి చూడండి. ‘ఎక్కడ నిప్పుంటే అక్కడ పొగ ఉంటుంది’ అనొచ్చా? పూర్వులు దీనికి ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపించారు. ఈ కాలం పిల్లలు గ్యాస్ పొయ్యి అంటారు. రెండూ సరైనవే. నిజమైన మాటను తిరగేస్తే అబద్ధం కావచ్చని ఇక్కడ పట్టుబడితే, ‘జ్వరం వస్తే ఒళ్లు వేడెక్కుతుంది కాబట్టి ఒళ్లు వేడెక్కినవాడికల్లా జ్వరమే’ లాంటివి వాళ్లే దొరకబుచ్చుకుంటారు.

తర్వాత జట్టుకో వాక్యం ఇచ్చి మూడు వరుసల్లో రాయించండి. ‘రాము ఫస్ట్ ర్యాంకు కాబట్టి వాడే క్లాస్ లీడర్ కావాలి.’ ‘ఈ వార్త అందరూ ఫార్వర్డ్ చేస్తున్నారు కాబట్టి నిజమే.’ ‘ఈ సబ్బు హీరో వాడతాడు కాబట్టి మంచిది.’ ర్యాంకు వాక్యంలో దాగిన నియమం ‘మార్కులు ఎక్కువ వచ్చేవాళ్లు నలుగురినీ బాగా నడిపిస్తారు’ అన్నది. అది పైకి రాగానే తరగతి సగానికి చీలుతుంది. చీలనివ్వండి.

3వ పీరియడ్: కాకి లెక్క

సామెతలతో పది నిమిషాలు గడపండి. ‘నిదానమే ప్రధానం’, ‘ఆలస్యం అమృతం విషం’ పక్కపక్కన రాయండి. రెండూ పెద్దలు చెప్పినవే, ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. ఏది నిజమని అడగకండి, ఏది ఎప్పుడు పనికొస్తుందని అడగండి. పాము కరిచినప్పుడు ఒకటి, పరీక్షలో లెక్క సరిచూసుకునేటప్పుడు ఇంకొకటి అని వాళ్లే చెబుతారు. సామెత చెబితే కారణం చెప్పినట్టు కాదన్న సంగతి అప్పుడు పట్టుబడుతుంది.

మిగతా సమయమంతా కాకికి. ‘కాకి అరిస్తే చుట్టాలొస్తారు’ అన్నది ఇంటింటా వినే మాటే. నిజమో కాదో మీరు చెప్పకండి, 14 రోజుల లెక్క ఇవ్వండి. నాలుగు గళ్ల పట్టిక ఇది:

అరిచింది, చుట్టాలొచ్చారు.
అరిచింది, రాలేదు.
అరవలేదు, వచ్చారు.
అరవలేదు, రాలేదు.

రోజుకు ఒక గడిలో ఒక గీత. మొదలుపెట్టకముందే రెండు మాటలకు అర్థం బిగించాలి. లేకపోతే లెక్క పనికిరాదు. కాకి అరవడమంటే, ఉదయం 6 నుంచి 8 లోపు మన ఇంటి గోడ మీదో, పెరట్లోనో వాలి అరవడం. చుట్టమంటే ఆ రోజు ఇంటికొచ్చిన బంధువు. పాలవాడు, కరెంటు బిల్లు తీసేవాడు చుట్టాలు కారు. ఈ నిర్వచనాలను తరగతి చేతే చేయించండి. పావుగంట పడుతుంది, ఆ పావుగంట వృథా కాదు.

సాధారణంగా మన బుర్ర మొదటి గడిని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. కాకి అరిచీ ఎవరూ రాని రోజు ఎవరికీ జ్ఞాపకం ఉండదు. నమ్మకాలు నిలబడేది అక్కడే. పట్టికలు చివరి పీరియడ్ దాకా ఇంట్లోనే ఉంటాయి.

4, 5, 6 పీరియడ్లు: కుళాయిల దగ్గర వరుస

సమస్య పరిష్కారానికి ‘ప్లాస్టిక్ కాలుష్యం’ లాంటి పెద్ద తలకాయ నొప్పులు ఎత్తుకోకండి. పిల్లలు రోజూ పడే ఇబ్బంది ఒకటి తీసుకోండి. మధ్యాహ్న భోజనం అయ్యాక పళ్లాలు కడిగే కుళాయిల దగ్గర వరుస చాలా బడుల్లో ఉంటుంది. గణిత శాస్త్రవేత్త జార్జ్ పోల్యా 1945లో లెక్కల కోసం చెప్పిన నాలుగు మెట్లు ఇక్కడా సరిపోతాయి: సమస్య అర్థం చేసుకోవడం, పథకం వేయడం, చేసి చూడటం, వెనక్కి తిరిగి చూడటం.

నాలుగో పీరియడ్ మొత్తం మొదటి మెట్టుకే. ప్రతి జట్టూ సమస్యను ఒక్క వాక్యంలో రాయాలి. తొలి ప్రయత్నంలో వచ్చేవి ఇలా ఉంటాయి: ‘కుళాయిలు సరిపోవట్లేదు’, ‘ఆరో తరగతివాళ్లు తోసుకుంటారు’. మొదటిదాంట్లో పరిష్కారం దూరి కూర్చుంది, రెండోదాంట్లో నేరం మోపడం ఉంది. సమస్య వాక్యంలో అంకె ఉండాలి, ఎవరి మీదా నింద ఉండకూడదు, పరిష్కారం దాగి ఉండకూడదు. ‘చివరి పిల్లవాడు పళ్లెం కడుక్కునేసరికి 30 నిమిషాలవుతోంది’ అన్నది పనికొచ్చే వాక్యం. ఆ అంకె కోసం కొలవాలి.

కొలత మూడు రోజులు. ఒక్కో కుళాయి దగ్గర ఓ జట్టు నిలబడి 20 మందిని లెక్కపెట్టాలి. కుళాయి ముందుకు రావడం నుంచి పళ్లెంతో పక్కకు తప్పుకునే దాకా ఎన్ని సెకన్లు? మూడు రోజులు ఎందుకంటే, ట్యాంకు నిండుగా ఉన్న రోజు ధార వేరు, సగమున్న రోజు వేరు. పప్పు రోజు పళ్లెం వేరు, కోడిగుడ్డు కూర రోజు పళ్లెం వేరు.

ఐదో పీరియడ్‌లో లెక్క. ఉదాహరణకు 240 మంది, 6 కుళాయిలు, ఒక్కొక్కరికి 45 సెకన్లు అనుకుందాం. కుళాయికి 40 మంది, 40 × 45 = 1800 సెకన్లు, అంటే 30 నిమిషాలు. ఇప్పుడు పరిష్కారాలు రాయించి ఒక్కోదాన్నీ ఇదే లెక్కలో పెట్టించండి.

ఇంకో రెండు కుళాయిలు వేస్తే కుళాయికి 30 మంది, 22 నిమిషాల 30 సెకన్లు. కుళాయిలు పెంచకుండా, మిగిలిన మెతుకులూ కూరా ముందే ఒక బకెట్లో దులిపేసి రమ్మంటే ఒక్కొక్కరికి పట్టే సమయం 45 నుంచి 30 సెకన్లకు దిగిందనుకోండి, మొత్తం 20 నిమిషాలే. రూపాయి ఖర్చు లేని బకెట్టు రెండు కుళాయిలను ఓడించింది! ఈ లెక్క బోర్డు మీద పడ్డప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

ఇంకో పరిష్కారం జట్లుగా పంపడం. 60 మంది చొప్పున నాలుగు దఫాలు చేస్తే మొత్తం పని తగ్గదు, ఆ 30 నిమిషాలూ అలాగే ఉంటాయి. కానీ ఎవరూ ఏడున్నర నిమిషాలకు మించి వరుసలో నిలబడక్కర్లేదు. అయితే వడ్డన కూడా దఫాలుగా జరగాలి, దానికి వంట చేసేవాళ్ల ఒప్పుదల కావాలి. మొత్తం సమయం తగ్గడం వేరు, నిలబడే సమయం తగ్గడం వేరని ఇక్కడ తేల్చండి. పిల్లలు ఈ రెండింటినీ కలిపేస్తారు.

‘ఎందుకు?’ మీద ‘ఎందుకు?’ వేసుకుంటూ వెళ్లే పద్ధతి కూడా వాడొచ్చు. కానీ నాలుగో ‘ఎందుకు’ దగ్గర ప్రతి గొలుసూ ‘ప్రభుత్వం డబ్బివ్వలేదు’ దగ్గరికి చేరుతుంది. అది నిజమే కావచ్చు, అక్కడ ఈ తరగతి చేయగలిగింది లేదు. మన చేయి పడే మెట్టు దగ్గర ఆగమనండి.

ఆరో పీరియడ్‌కు ముందు మూడు రోజులు బకెట్టు పెట్టి చూడండి. మళ్లీ అవే జట్లు, అదే పద్ధతిలో కొలవాలి. ఫలితం అనుకున్నంత రాకపోతే మంచిదే. బకెట్టు కుళాయిల పక్కనే పెడితే అక్కడ ఇంకో వరుస పుడుతుంది. తినే చోటు నుంచి కుళాయిలకు వచ్చే దారిలో పెట్టాలి, ఒకటి కాదు రెండు. ఏం తప్పిందో, ఎందుకు తప్పిందో రాసిన జట్టుకు మార్కులు తగ్గించకండి.

7వ పీరియడ్: పూర్వపక్షం

మన సంప్రదాయంలో వాదానికి మూడు పేర్లున్నాయి. నిజం తేల్చుకోవడానికి మాట్లాడుకుంటే వాదం. గెలుపే గురి అయితే జల్పం. తనకంటూ ఏ మాటా లేకుండా ఎదుటివాడి మాట పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. టీవీ చర్చలు మూడింటిలో ఏ గడిలోకి వస్తాయో పిల్లలకు చెప్పనక్కర్లేదు.

నియమం ఒక్కటే. ఎదుటి జట్టు మాటను ముందు నువ్వు చెప్పాలి. వాళ్లు “అవును, మేమన్నది ఇదే” అన్నాకే నీ జవాబు. ఇదే పూర్వపక్షం. “కాదు, మేం అలా అనలేదు” అంటే మళ్లీ చెప్పాలి. మొదటిసారి దీనికే సగం పీరియడ్ పోతుంది. పోనివ్వండి.

మాట మొదలుపెట్టే వాక్యాలు బోర్డు మీద రాసి ఉంచండి. “నువ్వన్న దాంట్లో ఈ మాట ఒప్పుకుంటాను, కానీ...” “ఆ లెక్క ఎక్కడిది?” “ఏం చూపిస్తే నువ్వు మనసు మార్చుకుంటావు?” ఈ చివరి ప్రశ్నకు ‘ఏం చూపించినా మార్చుకోను’ అన్నవాళ్లతో వాదం ఆపేయొచ్చు. ‘ఒరేయ్, నీకేం తెలుసురా’తో మొదలయ్యే వాక్యాలు చెల్లవు.

కులం, మతం, పార్టీ విషయాలు ఈ పీరియడ్‌కు ఎంచుకోవద్దు. అక్కడ పిల్లవాడు తన మాట కాదు, ఇంటి మాట చెబుతాడు. వెనక్కి తగ్గితే ఇంటిని వదులుకున్నట్టు అనిపిస్తుంది. బకెట్టా, దఫాలా అన్నది చాలు.

8వ పీరియడ్: ముగ్గురికి మూడు విన్నపాలు

ఒప్పించడంలో మూడు తాళ్లున్నాయని అరిస్టాటిల్ చెప్పాడు: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, మాటలోని హేతువు. దీన్ని వివరించడం కంటే చేయించడం తేలిక. ఒకే పరిష్కారాన్ని మూడు జట్లు ప్రధానోపాధ్యాయులకు, మూడు జట్లు వంట చేసేవాళ్లకు, నాలుగు జట్లు ఆరో తరగతి పిల్లలకు చెప్పాలి. రాతలో 120 మాటలు, నోటితో రెండు నిమిషాలు.

తేడా వెంటనే కనబడుతుంది. ప్రధానోపాధ్యాయులకు కావలసింది 30 నిమిషాలు 20 కావడం, మధ్యాహ్నం మొదటి పీరియడ్ వేళకు మొదలవడం. వంట చేసేవాళ్లకు ఆ అంకెతో పనిలేదు. బకెట్టు నిండాక ఎవరు పారబోస్తారన్నదే వాళ్ల ప్రశ్న. దానికి జవాబు లేని విన్నపం ఎంత అందంగా ఉన్నా చెల్లదు. ఆరో తరగతివాళ్లకు ‘క్రమశిక్షణ’ అంటే చెవికెక్కదు, ‘ఆడుకోవడానికి పది నిమిషాలు మిగులుతాయి’ అంటే ఎక్కుతుంది. వీలైతే ఆ వినేవాళ్లలో ఒకరినైనా తరగతికి పిలవండి. ఉత్తుత్తి శ్రోతల ముందు పిల్లలు ఉపన్యాసంలోకి జారిపోతారు.

ఒప్పించడానికి అబద్ధం ఆడొచ్చా అని ఎవరో అడుగుతారు. 20 నిమిషాలను 10 అని చెబితే మొదటి రోజే తెలిసిపోతుంది, రెండోసారి మీ మాట ఎవరూ వినరు. మొదటి తాడు తెగిపోయిందన్నమాట.

మార్కులు పదికి: చెప్పదలచుకున్నది స్పష్టంగా ఉంటే 1, హేతువుకూ దాని వెనక నియమానికీ 3, సొంతంగా కొలిచిన ఆధారానికి 3, పూర్వపక్షం న్యాయంగా చెప్పి జవాబిచ్చినందుకు 3. ఏ పక్షం తీసుకున్నారన్న దానికి మార్కులు లేవు. ఉచ్చారణకు, ధాటికి కూడా లేవు. అవి ఇస్తే మళ్లీ వక్తృత్వ పోటీ అవుతుంది. ఎఫ్ఏలో (నిర్మాణాత్మక మూల్యాంకనంలో) ప్రాజెక్టు పనికి ఈ కాగితాలు వాడుకోవచ్చు.

చివరి పది నిమిషాలు కాకికి దాచుకోండి. నలభై పట్టికల గీతలనూ బోర్డు మీద నాలుగు గళ్లలో కూడించండి. అందరూ నింపి ఉంటే మొత్తం 560 రోజులు. అరిచిన రోజుల్లో నూటికి ఎన్నిసార్లు చుట్టాలొచ్చారు, అరవని రోజుల్లో నూటికి ఎన్నిసార్లు వచ్చారు, ఈ రెండు అంకెలే పక్కపక్కన పెట్టాలి. చాలా ఇళ్ల దగ్గర కాకి దాదాపు రోజూ అరుస్తుంది కాబట్టి అరవని రోజులు చాలా తక్కువ ఉంటాయి, కొన్ని పట్టికల్లో అసలు ఉండవు. అప్పుడు “ఈ లెక్కతో తేల్చగలమా?” అని అడిగి, మనసులో నాలుగు దాకా లెక్కపెట్టుకుంటూ ఆగండి.